షాహిస్తా సైటు, శుక్రవారం మధ్యాహ్నం

ప్రొద్దుటూరులో మా ఇంటి కింది గదిలో షాహిస్తా మగ్గం పని చేస్తుంది. పెళ్ళి రవికల మీద జరీతో నెమళ్ళు కుడుతుంది. ఆమె కుట్టిన నెమలిని చూసి మా పెరటి కోడిపుంజు అవమానంతో పది రోజులు మేత ముట్టలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. మిగతా కథకు మాత్రం మా వీధంతా సాక్షి.

ఆమె పుట్టింది పులివెందుల పక్క చీనీతోటల్లో. మెట్టినిల్లు జమ్మలమడుగు. భర్త లాల్ బాషా కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళ కింద తన పేరుతోనే ఒక వెబ్‌సైటు పెట్టించుకుంది. కువైట్ ఇళ్ళల్లో పనిచేసే మన జిల్లా ఆడవాళ్ళు, ఊళ్ళో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు అందులో చూసే రవికలు ఎంచుకునేవాళ్ళు. వాళ్ళకు సెలవు శుక్రవారం. మన గడియారంలో మధ్యాహ్నం మూడు దాటాక అందరి చేతుల్లోనూ ఫోన్లే.

సరిగ్గా అప్పుడే సైటు మొరాయించేది. ఒక్క నెమలి తెర మీదికి వచ్చేలోపు పెన్నాకు నీళ్ళొచ్చి, పారి, ఇసుక కూడా తేలింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు విసిగి వేరే చోటికి పోయారు.

ఆమెకు ఊళ్ళో ఎక్కువ పని ఇచ్చే బట్టల అంగడి గురునాథం ఒకరోజు వచ్చి కూర్చున్నాడు.

"ఎందుకమ్మా నీకీ తిప్పలు? నీ డిజైన్లన్నీ మా అంగడి సైట్లో పెట్టు. మా పేరుతో పోతాయి."

"మరి నా పేరు?"

"పేరేం చేసుకుంటావు, ఉప్పేసుకొని నాకుతావా? వచ్చే నెల మొదటి శుక్రారం దాకా చూస్తా. కాదంటే మా అంగడి పని గూడా నీకు రాదు."

షాహిస్తా సైటు కట్టిన శశాంక్‌ను పిలిపించింది. "నీ ఫోటోలు శానా బరువక్కా" అన్నాడతను. సరేనని ఫోటోలు తగ్గించింది. నెమళ్ళు చీమలయ్యాయి కానీ సైటు కదల్లేదు. అప్పుడామె, "బొమ్మలేమీ వద్దు. వేరేగా ఒక పేజీ పెట్టి, దాంట్లో నా పేరొకటే రాయి" అంది. ఆ ఒక్క పేరు రావడానికి శుక్రవారం పద్నాలుగు సెకన్లు పట్టింది.

"నా పేరు గూడా బరువేనా శశాంకూ?"

శశాంక్ బుర్ర గోక్కున్నాడు. "అది షేర్డ్ హోస్టింగ్ అక్కా. ఒకే మిషన్ మీద శానా మంది సైట్లుంటాయి."

"ఎంతమందివి?"

"అది కంపెనీవాళ్ళు చెప్పరు."

"ఉమ్మడి బోరని చెప్పరాదా! పక్కోళ్ళ మోటార్లన్నీ ఆడితే మన గొట్టంలో గాలే వస్తాది. ఎన్ని మోటార్లుండాయో చెప్పని బోరుకు దుడ్లు కట్టించినావే నాతో!"

శశాంక్ వెంటనే ఫోన్లో ఇంకో కంపెనీ చూపించాడు. "ఇది తీసుకో అక్కా. అన్నీ అన్‌లిమిటెడ్."

"భూమిలో నీళ్ళకే లెక్కుండాదే, వీళ్ళ మిషన్‌కు లేదా?"

పులివెందుల వైపు బోరున్న పొలం కొనేవాడు పొద్దున్నే మోటారు వేసి, మొదటి ధార చూసి మురిసిపోడు. చుట్టుపక్కల మోటార్లన్నీ నడిచే వేళ రోజంతా ఆడించి, సాయంత్రం ధార ఎంత లావుందో చూసి బేరం తేలుస్తాడు. షాహిస్తా కూడా అంతే చేసింది. శశాంక్ చూపించిన అన్‌లిమిటెడ్‌తో కలిపి మూడు కంపెనీల్లో ఒక్కో నెలకు మాత్రమే చోటు తీసుకుని, పెద్ద ఫోటోలతో అదే సైటును మూడు చోట్లా పెట్టించింది.

మంగళవారం పొద్దున శశాంక్ తెరిచి చూసి, "మూడూ బ్రహ్మాండమక్కా" అన్నాడు.

"మంగళారం పొద్దున నా నెమళ్ళను ఎవురు చూస్తారప్పా? శుక్రారం రానీ."

శుక్రవారం వచ్చింది. నమాజు కాగానే లాల్ బాషా తనకు తెలిసినవాళ్ళందరి చేతా ఒకేసారి మూడూ తెరిపించాడు. నలభై వేల మంది తెరిచారని నేనంటాను. నలభై మందేనని షాహిస్తా అంటుంది. ఎంతమందైతేనేం, అన్‌లిమిటెడ్ ఐదు నిమిషాల్లో కూలబడింది. రెండోది దగ్గుతూ ఈడ్చింది. మూడోది, 'ఇంత చోటే ఇస్తాం, కానీ అది మీ ఒక్కరిదే' అని చిన్నక్షరాల్లో రాసుకున్నది, రెండు సెకన్లలో నెమలిని పురి విప్పించింది. సాయంత్రం దాకా ఆ ధార సన్నబడలేదు. పాతదానికంటే ఖరీదైనా షాహిస్తా దాన్నే ఖాయం చేసింది.

గడువు శుక్రవారం గురునాథం వచ్చాడు. అప్పటికే కువైట్ నుంచి పదకొండు రవికలకు కబురొచ్చింది. ఆయన తన ఫోన్లో సైటు తెరిచాడు. తెరిచీ తెరవగానే నెమళ్ళు, వాటి పైన షాహిస్తా పేరు. మూసి మళ్ళీ తెరిచాడు. అదే వేగం.

"బాగుండాది. పక్కన మా అంగడి పేరు గూడా ఎయ్యి. ఇద్దరం బాగుపడతాం."

"మీ పేరుకు మీ అంగడుంది గదా మామా."

"మా పని పోతాది, మల్లా ఏడిస్తే లాభంల్యా."

"పోతే పోనీ. నా పేరు మాత్రం ఆడనే ఉంటాది."

గురునాథం, అక్కడే గడప మీద కూర్చున్న నా వైపు చూశాడు. పెద్దమనిషిని కదా, నచ్చజెబుతానని ఆశ. నేను పైకప్పులో బల్లుల్ని లెక్కపెట్టాను.

షాహిస్తా సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అంది.

"రవ్వంత పక్కకు జరుగు మామా. వెలుతురుకు అడ్డమొస్తాండావు."