పోలీసుల ముందు ఆగని సైకిల్

తొంభైల మొదట్లో నల్గొండలో మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. పోలియో వల్ల నా కుడికాలు సన్నబడిపోయింది. తొక్కలేక, పాత జీపు డైనమోను మోటారుగా మార్చి సైకిల్‌కు బిగించాను. వెనక చెక్కపెట్టెలో బ్యాటరీ పెట్టాను.

ఒక మధ్యాహ్నం కట్టంగూర్ దగ్గర పోలీసులు ఆపారు. నక్సలైట్ల కోసం ఊరూరా వెతికే రోజులవి. పెట్టెలోంచి వచ్చిన వైర్లు చూసి ఎస్సై వెనక్కి జరిగాడు.

“ఏందిరా గిది?”

“బ్యాటరీతోని నడిచే సైకిల్ సార్.”

“ఎవలు జేయమన్నరు?”

“నేనే జేసుకున్న సార్. కాలు సక్కగ లేదు.”

ఆయన నమ్మలేదు. “అయితే నువ్వే ఎక్కి నడుపు. మేం ఈడికెల్లి చూస్తం” అన్నాడు. అందరూ జీపు చాటుకు వెళ్లారు.

స్విచ్ వేశాను. సైకిల్ కదిలింది. కొంత దూరం పోయాక ఆపబోతే స్విచ్ ఇరుక్కుపోయింది, బ్రేకులూ ఆపలేకపోయాయి. వెనక నుంచి “ఆగురా” అన్న కేక, తుపాకీ సిద్ధం చేసిన చప్పుడు వినిపించాయి. పారిపోతున్నాననుకుని కాలుస్తారని భయపడి, హ్యాండిల్ తిప్పి ముళ్లకంపలో పడ్డాను.

నేను వైరు పీకాకే ఎస్సై దగ్గరికొచ్చాడు. నా కాలు చాలాసేపు చూశాడు. “నువ్వు ఇంటికి పో. ఇది స్టేషన్ల ఉంటది” అన్నాడు. దానికోసం స్టేషన్‌కు వెళ్లే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు కరెంటు సైకిళ్లు దర్జాగా తిరుగుతుంటే సంతోషమే. అయినా ఒకటి ఎదురైతే చాలు, రోడ్డు పక్కన ఎవరు నిలబడ్డారోనని నా కళ్లు వెతుకుతాయి.