నూరు బల్బు బతికే ఉండాది

ఆండర్సన్‌పేటలో మిక్సీ ఆగిపోతే జనం చంద్రిక అంగడికే పోతారు. దారి అడగక్కర్లేదు. సందు మొదట్లో నిలబడి చెవి పెడితే నవ్వు వినిపిస్తుంది. షాక్ కొట్టినా నవ్వే, గిరాకీ తిట్టినా నవ్వే. తిక్క మనిషి అనుకునేరు, కాదు. ఆమెకు భయం వేస్తే నవ్వొస్తుంది. ఏం చేస్తాం, కొందరికి చెమట పడుతుంది, ఈవిడకు నవ్వు పుడుతుంది.

ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. ఇరవై ఏళ్లుగా మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ విప్పి బిగించిన మనిషికి, ఒక కొత్త ఇంటికి మెయిన్ బోర్డు నుంచి చివరి ప్లగ్గు దాకా తన చేత్తో వైరు లాగాలని ఒకటే కోరిక. దానికి వైర్‌మ్యాన్ పర్మిట్ కావాలి. కోలారు పోయి రెండుసార్లు పరీక్షకు కూర్చుంది. రాతలో పాసే. ఎదుట నిలబడి చెప్పే పరీక్షలో అధికారి ప్రశ్న అడగడం, ఈవిడ ఫక్కున నవ్వడం, ఆయన మొహం మాడ్చుకుని బయటికి పొమ్మనడం. రెండుసార్లూ ఇదే తంతు.

మూడోసారి బయల్దేరుతుంటే అత్త చిన్నవెంకటమ్మ ఉసిరికాయంత చింతపండు ఉండ చేతిలో పెట్టింది.

"బుగ్గన పెట్టుకోమ్మా. నవ్వొస్తే కొరుకు. ఆ పులుపుకి మూతి ముడుచుకుంటాది, ఇంగ నవ్వేదానికి యాడ కుదురుతాది?"

"మరి మాట్లాడేదెట్ల అత్తా?"

"మాట్లాడొద్దు, చేసి చూపీ. నీకు నోటికన్నా చెయ్యే బాగా ఆడతాది."

పరీక్ష గదిలో బల్ల మీద చెక్క బోర్డు ఉంది. ఒక హోల్డర్లో నలభై వాట్ల బల్బు, ఇంకో దాంట్లో నూరు. రెండూ పాతకాలపు తీగ బల్బులు. కరెంటు ఒకదాంట్లోంచి వెళ్లాకే రెండోదాంట్లోకి పోయేలా వరసగా కలిపారు. వెనక గుండూరావు అనే పరీక్షాధికారి, చెక్కతో చేసినట్టున్న మొహం. చంద్రికకు ముందు నంగలి నుంచి వచ్చిన ఉమేశ్.

"ఏది ఎక్కువ వెలుగుతుందప్పా?"

"నూరే సార్."

స్విచ్చి వేశారు. నలభై చక్కగా వెలిగింది. నూరు బల్బులో తీగ ఎర్రబడిందో లేదో అన్నట్టుంది.

"నూరు బల్బు పోయింది, మార్చు," అన్నాడు గుండూరావు. ఉమేశ్ చకచకా మార్చాడు. కొత్తదీ అంతే. "ఇదీ పోయింది, మార్చు." మూడోది పెట్టాడు. అదీ గుడ్డి చూపే చూసింది.

వెనకాల చంద్రిక చింతపండు కొరికింది. లక్కూరులో పుట్టింట్లో, పన్నెండేళ్ల వయసులో తను చేసిన పని కళ్ల ముందు ఆడుతోంది. పట్టుపురుగుల గదిలో వేడి తగలాలి, వెలుగు కొట్టకూడదని నాన్న రెండేసి బల్బులు వరసన కలిపేవాడు. నూరు పక్కన నలభై పెట్టి, నూరు సరిగ్గా వెలగలేదని తను నూరు వాట్లవి నాలుగు బల్బులు దిబ్బలో పారేసింది. నాన్న ఒకదాన్ని ఏరుకొచ్చి, తువ్వాలుతో తుడిచి, వాకిట్లో ఒక్కదాన్నే వెలిగించాడు. కళ్లు జిగేల్‌మన్నాయి. "బతికుండేదాన్ని పూడ్చినావు కదే పాపా," అని నాన్న పడీపడీ నవ్వాడు.

ఆమె వంతు వచ్చింది. "ఏది ఎక్కువ?"

చంద్రిక నలభైని చూపించింది. స్విచ్చి వేశాక నూరు బల్బును తిప్పి తీసింది. నలభై కూడా ఆరిపోయింది. మళ్లీ పెట్టింది, వెలిగింది. తీసింది, ఆరింది.

"ఏందమ్మా ఈ ఆట? నూరు పోయింది, మార్చు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మార్చమంటే మార్చవా?"

కడుపులోంచి నవ్వు ఉబికింది. కొరికితే చింతగింజ పంటి కింద టక్కుమంది. మూడోసారి కూడా పరీక్ష పోతుందేమోనని భయం వేసింది. ఇంక లాభం లేదని ఉండను కుడి అరచేతిలోకి ఉమ్మేసింది.

"మార్చను సార్. ఇది బతికే ఉండాది. ఇది పోయింటే దీంట్లోంచి కరెంటే పోదు, నలభై ఎట్ల వెలుగుతాది? నలభైలో తీగ సన్నం, కరెంటును ఎక్కువ అడ్డుకుంటాది. రెండింట్లో పొయ్యేది ఒకే కరెంటు. మా పేట సంతలో ఒకే జనం పోతా ఉంటారు, తోపులాట మాత్రం ఇరుకు సందులోనే. ఆ తోపులాట యాడ ఉంటే వేడి, వెలుగు ఆడే. ఇంట్లో అయితే దేని లైను దానికే కాబట్టి నూరే గెలుస్తాది."

అని, ఇక ఆపుకోలేక నవ్వేసింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. అయిపోయింది, పోతే పోనీ అనుకుంది.

గుండూరావు మొహంలో ముందు మీసం కదిలింది. "పొద్దున్నించి పన్నెండు మంది, నేను చెప్పినానని మంచి బల్బులు మార్చినారు. రేపు ఇంటాయన చెప్పినాడని ఫ్యూజుకు లావు తీగ కట్టి ఇల్లు కాల్చేదీ వీళ్లే," అన్నాడు. ఆమె అరచేతిలోని చింతపండు కంటపడగానే ఆయనా పగలబడి నవ్వాడు. అట్లా నవ్వుతూనే కాగితం మీద 'పాస్' అని రాసి సంతకం చేసి ముందుకు తోశాడు. చంద్రిక దాన్ని ఎడమచేత్తో అందుకుంది. నవ్వు మాత్రం ఆగలేదు.

"ఇంకా భయమేనా తల్లీ?" అన్నాడు. ఆమెకు భయం వేస్తే నవ్వొస్తుందన్న సంగతి రెండుసార్లు పోయాక ఆ ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది.

చంద్రిక ఒక్క క్షణం తనలోకి చూసుకుంది.

"లేదు సార్," అంది ఆశ్చర్యపోతూ. మళ్లీ నవ్వింది.