ముట్టుకోవద్దన్న రేకులు

మా మామ, అంటే నా మొగుడి నాయన, బతికినన్నాళ్లూ ఎవరి మాటా వినలేదు. నీళ్లు పడవని ఊరంతా మొత్తుకున్నా వినక బోరు వేయించి దుమ్ము చూశాడు. పెళ్లాం మాట సరేసరి. అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి ఒక్కడి మాట అక్షరం పొల్లు పోకుండా విన్నాడు. ఆ ఒక్కడు కదిరిలో సఫారీ వేసుకుని తిరిగే ఇన్సూరెన్సు ఏజెంటు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ, చెప్తాను.

మాది గోరంట్లకూ కదిరికీ మధ్య ఊరు. వానకు కరువు గానీ గాలికి కరువు లేదు. వేసవి చివర మబ్బు పట్టినట్టే పట్టి, చుక్క రాలకుండా ఎర్రదుమ్ము లేచి, ఇళ్ల మీది రేకులు ఎగిరిపోతాయి. అలా ఎవరి కప్పు లేచినా మా ఊళ్లో ఎవరినీ పిలవక్కర్లేదు. గాలి తగ్గీ తగ్గకముందే మగవాళ్లు మోకులూ గడ్డపారలూ పట్టుకుని వచ్చేస్తారు. కొందరు చేలల్లో పడి రేకులు వెతికి తెస్తారు. కొందరు గోడలెక్కి దూలాలు సరిచేస్తారు. ఆడవాళ్లం రాళ్లందిస్తాం, ఎందుకంటే మా వైపు రేకులు లేవకుండా పైన బండరాళ్లు పెడతారు. కూలి అడగరు, ఇవ్వరు. ఆ ఇంటివాళ్లు సంగటి కెలికి, నంజుకోడానికి శెనక్కాయ ఊరిబిండి నూరి, పని చేసినవాళ్లందరినీ నేల మీద వరసగా కూచోబెట్టి పెడతారు. ఏళ్ల తరబడి మాటల్లేని ఇళ్లవాళ్లు కూడా ఆ రోజు వచ్చి, మోకు పట్టి, తిని పోతారు. మరునాడు మళ్లీ మొహాలు తిప్పుకుంటారు.

తొంభైల చివర, నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మామ బ్యాంకు అప్పు తీసుకుని పాత మట్టిమిద్దె పక్కన రేకుల సాల ఒకటి కట్టించాడు. అప్పుతో పాటు బ్యాంకువాళ్లు ఇన్సూరెన్సు కూడా అంటగట్టారు, సాలకూ, సాలలో పెట్టిన సరుకుకూ కలిపి. అంటగట్టారని ఆయనకు తోచలేదు. సన్మానం జరిగిందనుకున్నాడు. టీ అంగడి దగ్గర కూచుని, "మా సాలకు ఇన్సూరెన్సు ఉండాది" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. "అంబలి తాగేటోనికి మీసాలెత్తేటోడు ఇంగొగడు" అని మా అత్త పొయ్యి దగ్గర గొణుక్కునేది. ఏజెంటు ఆయనకు ఒక మాట చెప్పి పంపాడట. ఏదైనా నష్టం జరిగితే మా సర్వేయరు వచ్చి చూసేదాకా దేన్నీ ముట్టుకోవద్దని. మామ ఆ మాటను మంత్రోపదేశంలా పట్టుకున్నాడు.

ఆ వేసవిలో సాలలో ఉన్నవి విత్తనం కాయలు. పోయిన పంటలో మంచివి ఏరి, ఎండబెట్టి, మూటలు కట్టి గోడ వెంబడి పేర్చిన వేరుశెనగ. మా నేలకు ఏడాదికి ఒకటే పంట. మొదటి పదును వాన పడగానే తడి ఆరేలోగా విత్తాలి. తినడానికి గింజ లేకపోయినా మా అత్త ఆ మూటల ముడి విప్పనిచ్చేది కాదు. అవి తడిసి మొలకలొచ్చాయా, బూజు పట్టాయా, మాకు ఆ ఏడు పంట లేనట్టే.

ఒక మధ్యాహ్నం గాలి రానే వచ్చింది. మేం మిద్దెలో తలుపు మూసుకుని కూచున్నాం. బయట పళ్లేలు దొర్లినట్టు చప్పుడు. గాలి నెమ్మదించాక తలుపు తీసి చూస్తే సాలకు గోడలున్నాయి, కప్పు లేదు. మూటలు మాత్రం చెక్కు చెదరకుండా ఆకాశం కింద కూచుని ఉన్నాయి.

ఊరు వచ్చేసింది. మా ఎదురింటాయన అందరికంటే ముందు గోడెక్కి దూలం కదులుతోందేమో చూస్తున్నాడు. మిగతావాళ్లు అప్పుడే రేకులు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. అత్త సంగటికి ఎసరు పెట్టింది. నేను వంటకు ఉంచుకున్న శెనక్కాయ గింజలు రోట్లో వేశాను. అప్పుడు వినబడింది మామ గొంతు.

"దిగప్పా, దిగు. ఎవురూ దేన్నీ ముట్టుకోవద్దండి. సర్వేయరు వచ్చి చూడల్ల."

"సర్వేయరా?" అన్నాడు ఎదురింటాయన గోడ మీద నుంచే. "ఏమన్నా, నీకు పోయింది కప్పా, చేని గట్టా?"

"ఇన్సూరెన్సు సర్వేయరప్పా. ఎట్ల ఉండేది అట్లే ఉండల్లంట." రేకులు మోసుకొచ్చిన వాళ్ల వైపు తిరిగాడు మామ. "అవి యాడ పడింటే ఆడనే పెట్టి రాండప్పా."

రోకలి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎండలో చేలన్నీ తిరిగి ఏరుకొచ్చిన రేకుల్ని మళ్లీ మోసుకుపోయి పారేసి రమ్మంటాడేమిటి ఈ మనిషి? నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త కోడల్ని, నోరెత్తలేదు. మా ఆయన ఉన్నాడు గానీ, ఆయనకు వాళ్ల నాయన ముందు నోట్లో నాలుక ఉండదు.

ఎదురింటాయన గోడ దిగాడు. గోడెక్కే ముందు కంపచెట్లలో ఇరుక్కున్న రేకొకటి లాగి తెచ్చాడాయన. మోచేతి దాకా ముళ్లు గీరుకుని నెత్తురు కారుతోంది. ఆ రేకునే మళ్లీ ఎత్తుకుని పోయి, ఆ కంపలోనే దూర్చి వచ్చాడు. వచ్చి, "అట్లే పెట్టినానన్నా. వంకర గూడా తియ్యలేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే మోకులు చుట్టుకున్నారు.

అత్త వాకిట్లోకి పరుగున వచ్చి, "తినిపోండప్పా, సంగటి అయిపోతాండాది" అంది.

"పని చెయ్యకుండా తినేదెట్ల వదినా" అన్నాడాయన.

ఆ పూట చేసిన సంగటి మేం తినలేకపోయాం. మిగిలింది ఎద్దులకు పెట్టాం. అత్త మొహం నాకిప్పటికీ గుర్తుంది, చావు ఇంట్లో కూచున్నట్టు కూచుంది.

మరునాడు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి కదిరి పోయాడు. సర్వేయరు వస్తాడన్నారట. ఎప్పుడొస్తాడో అడగలేదా అంటే, "పెద్ద ఆఫీసరమ్మా, అట్ల అడిగితే బాగుండదు" అన్నాడు. తహసీల్దారు మీదికే చేయి ఊపి మాట్లాడే మనిషికి ఏజెంటు ముందు ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా అదే మాట. వస్తాడు. ఈలోగా మామ కలలు మాత్రం ముందే వచ్చేశాయి. ఇన్సూరెన్సు దుడ్లు రాగానే రేకులు తీసేసి స్లాబు వేయిస్తాడట. పైన పిట్టగోడ కూడానట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని ఇందుకే అన్నారు.

"మామా, కాయలన్నా మిద్దెలోకి చేరుద్దాం" అన్నాను ఒక రోజు, ఉండబట్టలేక.

"సరుకు గూడా ముట్టుకోవద్దన్యాడమ్మా."

"వానొస్తే?"

"ఈ ఊరికి వాన యాడొస్తాది?" అన్నాడు. అని, మేం ఎక్కడ ముట్టుకుంటామోనని సాల గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకున్నాడు. చూడండి ఆయన ధైర్యం. ఊళ్లో ప్రతి ఇల్లూ వాన కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటే, ఈయన కరువును నమ్ముకుని పడుకున్నాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టయింది మా బతుకు. మబ్బు కనబడితే ఊరు సంతోషపడేది, మాకు గుండెలు జారేవి. ఒక రోజు ఆడవాళ్లు కప్పతల్లిని ఎత్తుకుని వచ్చారు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద బిందెడు నీళ్లు కుమ్మరించాలి. అలా పోస్తే వాన వస్తుందని నమ్మకం. మా వాకిట్లో ఆగారు. వెనక కప్పు లేని సాల, అందులో మూటలు, ముందు మంచం మీద మా మామ. అత్త బిందె ఎత్తింది. "కొంచెమే పొయ్యి" అని మామ పళ్ల మధ్య నుంచి అన్నాడు. అందరికీ వినబడింది. అత్త చేయి ఆగింది, తర్వాత చెంబుడు నీళ్లు పోసినట్టు పోసి బిందె దించేసింది. ఎదురింటాయన భార్య మా వైపు చూసిన చూపుకు నాకు నేల చీలితే బాగుండుననిపించింది. కరువు సీమలో పుట్టి వాన రాకూడదని దేవుడికి మొక్కుకున్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

దేవుడు మా మొక్కు వినలేదు. వింటే ఊరికి అన్యాయమైపోయేది. ఒక సాయంత్రం చినుకులు మొదలై, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా వాన దంచింది. ఊరు ఊరంతా వీధిలోకొచ్చి తడిసింది. ముసలివాళ్లు కూడా చేతులు చాచి నిలబడ్డారు. మేం నలుగురం మాత్రం, మామ తన మంచం తనే పక్కకు లాగేశాక, సాలలో మూటలు ఈడుస్తున్నాం. తడిసిన మూట రాయి కంటే బరువు. మిద్దె మెట్ల దగ్గర బురదలో నేను జారి పడ్డాను, నా మీద మూట పడింది.

ఎదురింటాయన తన అరుగు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే అడిగాడు, గొంతు పెంచకుండా.

"ఇప్పుడన్నా ముట్టుకోవచ్చునా అన్నా?"

ఆయనది ఎకసెక్కమే కావచ్చు. అయినా కాళ్లు అప్పటికే అరుగు దిగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. మామ ఊ అంటే చాలు, ఆ మూటలన్నీ కన్ను మూసి తెరిచేలోగా మిద్దెలో ఉండేవి. మామ తల కూడా ఎత్తలేదు. "మేం చూసుకుంటాంలే" అన్నాడు.

బాగానే చూసుకున్నాం. రెండు మూడు మూటలే పొడిగా చేరాయి, అవి చేనులో ఒక మూలకైనా చాలవు. మిగిలినవన్నీ నానిపోయాయి. మరునాడు ఊరంతా విత్తే గొర్రులు కట్టుకుని చేలకు పోతుంటే, మేం వాకిట్లో కాయలు పరిచి ఎండ కోసం చూశాం. ఆ వాన తెల్లవార్లూ కురిసింది, ఆ తర్వాత కూడా మబ్బు విడవలేదు. అంతకు ముందు ఏ ఏడూ అంత మంచి పదును పడలేదని ఊళ్లో చెప్పుకున్నారు. మా కాయలకు గోనెల్లోనే మొలకలొచ్చాయి, పైన తెల్లటి బూజు.

సర్వేయరు వచ్చేసరికి చుట్టుపక్కల చేలన్నీ పచ్చగా ఉన్నాయి, మాది తప్ప. మెడలో కెమెరా, ముక్కుకు చేతిరుమాలు. కుళ్లిన కాయల వాసన మరి. కంపలో ఉన్న రేకు దగ్గరికి మామ ఆయన్ను ఎంత గర్వంగా తీసుకుపోయాడో చూడాలి. పడినచోటనే ఉంచినాం సార్ అని చూపించాడు. ఆయన దాన్ని ఫొటో కూడా తీయలేదు. మూటల దగ్గరికొచ్చి, "ఇవి ఎందుకు లోపల పెట్టుకోలేదు?" అన్నాడు.

"మీరే ముట్టుకోవద్దన్యారు కద సార్."

"ముట్టుకోవద్దంటే కాపాడుకోవద్దని కాదు. గాలికి కప్పు పోయింది, అది మా లెక్క. కాయలు తడిసింది మీ అజాగ్రత్త వల్ల. దానికి రాదు."

రేకులకైనా వచ్చిందా అంటే, బోల్టులు బిగించకుండా రాళ్లు పెట్టుకున్నారని అందులోనూ కోత కోశారు. మిగిలింది నేరుగా బ్యాంకు అప్పులో జమ అయిపోయింది, మేం దాని మొహం చూడలేదు. ఆహా, ఎంత చక్కటి ఏర్పాటు! ముట్టుకోవద్దని చెప్పేదీ వాళ్లే, ఎందుకు ముట్టుకోలేదని అడిగేదీ వాళ్లే. మనం మధ్యలో ఆకాశం కింద కూచోవాలి. మేం చివరికి అదును తప్పాక ఉలవలు చల్లుకున్నాం. సాలకు రేకులు వేయడానికి మామ కదిరి నుంచి కూలివాళ్లను పిలిపించాడు. మా ఊళ్లో కూలిచ్చి కప్పు వేయించుకున్న మొదటి ఇల్లు మాది. ఆ రోజు వీధిలో ఎవరూ మా వైపు చూడలేదు.

మరుసటి వేసవిలో మళ్లీ గాలి వచ్చింది. ఈసారి ఎదురింటాయన కప్పు పోయింది.

దుమ్ము ఇంకా తగ్గకముందే మా మామ మోకు భుజాన వేసుకుని వీధి దాటాడు. ఆ పరుగు చూస్తే, ఏడాది పొడవునా ఈ గాలి కోసమే కాచుకుని కూచున్నాడనిపించింది. నేనూ రాళ్లందించడానికి వెనకే పోయాను. ఎదురింటాయన గోడ మీద నుంచి చూసి, గబగబా దిగి వచ్చాడు. మామ చేతిలో మోకు సున్నితంగా తీసుకుని పక్కన పెట్టి, లోపలి నుంచి మంచం తెప్పించి వేపచెట్టు నీడలో వేయించాడు. దుప్పటి పరిపించాడు.

"నువ్వు కూచో అన్నా. నీకెందుకు శ్రమ."

"కూచునేకి రాలేదప్పా, రేకులు పట్టేకి వచ్చినా."

"మేం ఉండాం కదన్నా" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

మామ రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ ఎవరో ఒకరు వచ్చి చేయి పట్టి కూచోబెట్టారు. నా చేతికి మాత్రం రాళ్లు ఇచ్చారు. పొద్దు వాలేసరికి కప్పు నిలబడింది. అందరూ నేల మీద వరసగా కూచున్నారు, నేనూ ఆడవాళ్ల వరసలో కూచున్నాను. మామ దిగి ఆ వరస చివరికి రాబోయాడు. అప్పటికే ఎదురింటాయన భార్య స్టీలు పళ్లెంలో సంగటి, ఊరిబిండి, పైన నెయ్యి వేసి, మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చింది. మాకెవరికీ నెయ్యి లేదు. వియ్యంకుడికి పెట్టినట్టు పెట్టింది. ఏడాదిగా ఆయన మీద పళ్లు నూరుతున్నదాన్ని, ఆ పళ్లెం చూశాక నా ముందున్న సంగటి వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

ఇంటికొచ్చి మామ మోకును కొయ్యకు తగిలించాడు. దాని చుట్ట విప్పనే లేదు.

"తింటివా?" అంది అత్త.

"తింటి."

"ఏం పని చేస్తివి?"

ఆయన కాళ్లు కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"దేన్నీ ముట్టుకోనీలేదే" అన్నాడు.