గాజు తొట్టిలో చెలమ

ఆ ఎండాకాలం చేపల తొట్టిలో తగ్గిన నీళ్లను నేను నా వంతు తాగే నీళ్లతో నింపేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఎండ గురించీ చదివిన పుస్తకాల గురించీ రాశాను గానీ దీన్ని రాయలేదు. ఎవరైనా చదువుతారన్న భయం కాదు. రాసుకోవాల్సినంత పనిగా అనిపించలేదు.

ఆ గాజు తొట్టి తంతి ఆఫీసులో పారేసిన పెద్ద బ్యాటరీది. మా నాయన అక్కడ లైన్‌మన్. గోరంట్ల వైపో కుందుర్పి వైపో తీగ తెగిందంటే ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టేది. అలా వచ్చినప్పుడొకసారి ఆ తొట్టిని గోనెసంచిలో చుట్టి సైకిల్ మీద తెచ్చాడు. అమ్మ అందులో ఉప్పు పోసుకుందామనుకుంది. అంచు ఒకచోట పెచ్చు ఊడి ఉండడం చూసి, చేయి తెగుతుందని వదిలేసింది. అలా అది నాకు దక్కింది.

అప్పటికి నా స్కూలు చదువు అయిపోయింది. టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. బయటివాళ్లు వస్తే వంటింట్లోకి వెళ్లిపోయే రకం నేను. గ్రంథాలయం నుంచి నాయన తెచ్చే పుస్తకాలతోనే పొద్దు పోయేది. వాటిలో ఒకదానిలో గాజు తొట్టిలో మొక్కలూ చేపలూ కలిపి పెంచే బొమ్మ ఉంది. మొక్కలు నీళ్లలో చేపలకు గాలినిస్తాయట. చేపల మలం మొక్కలకు ఎరువవుతుందట. ఆ రెండూ కుదిరితే నీళ్లు మార్చే పనే పెద్దగా ఉండదట. అడుగున మట్టి వేయాలన్నంత వరకు చదివాను. ఆ తర్వాతి పేజీ ఎవరో చింపుకుపోయారు.

ఆ ఏడు బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లు బాగానే ఉన్నాయి. ఆ ఊళ్లో ఉన్న బంధువుల ఇంటికి అమ్మతో వెళ్లినప్పుడు ఒక తట్టెడు చెరువు మట్టి, కొంత నాచు, రిబ్బనులా పొడుగ్గా పెరిగే నీటిగడ్డి, చిటికెన వేలంత కూడా లేని పరిగెలు కడవలో వేసుకుని తెచ్చాను. మట్టిని అట్లాగే తొట్టిలో పోసి, మొక్కలు గుచ్చి, పైనుంచి బిందె వంచాను.

మా నాయన తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమె వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది.

"ఏం పాపా, రాగిజావ కాస్తాండావా?"

"కాదవ్వా, చేపలుండాయి అందులో."

"యాడుండాయి? నాకైతే కనపడల్యా. కనపడినా పులుసుకు చాలవులే."

నీళ్లు తేరుకోలేదు. మరుసటి రోజు పారబోసి మార్చాను. మళ్లీ అదే బురద. మార్చినకొద్దీ మొక్కలు వేళ్లతో సహా పైకి తేలాయి. చేపలు కొన్ని చచ్చిపోయాయి. వసారాలో కంపు మొదలైంది.

మా ఇంట్లో శుక్రవారం వస్తే ప్రతి బిందె, ప్రతి చెంబు వంచేసి చింతపండుతో తోమాల్సిందే. పాత నీళ్లు ఒక్క గిన్నెలో మిగిలినా అవ్వకు అన్నం సయించేది కాదు. "శుక్రవారం దాకా చూస్తా. ఆ పొద్దు కూడా ఇట్లే ఉంటే, చేపలు లేవు, గీపలు లేవు, దిబ్బలో పోస్తా," అంది.

మా వీధి బావి నీళ్లు ఉప్పన. తాగే నీళ్లకు ఊరి పక్క వంక ఇసుకలో చెలమ తోడుకోవాలి. మరుసటి ఉదయం అవ్వతో నేనూ వెళ్లాను. ఆమె ఇసుకలో గుంత తీసి, పక్కన గొంతుక్కూచుంది. కాసేపటికి నీళ్లు ఊరాయి. టెంకాయ చిప్పను పైపైనే ఆనించి ఒక్కొక్క చిప్పా కడవలో పోస్తోంది. ఇసుక కింద నల్లటి అడుసు ఉందని నాకు తెలుసు. కొంచెం లోతుగా తవ్వితే చేతికి తగులుతుంది.

"అడుగున అడుసుండాది కదవ్వా, నీళ్లెట్ల ఇంత తేటగా ఉండాయి?"

"పైన ఇసుక అదిమి పెట్టుకోనుండాది కదా. కెలికితే లేస్తాది. నీ మాదిరి పొద్దుకొకసారి కెలికేవాళ్లుంటే ఊరంతా బురదే తాగల్ల."

ఆమె నన్ను ఎగతాళి చేయడానికే అంది. నేను మాత్రం ఓణీ చెంగులో ఇసుక మూట కట్టుకుని ఇంటికి వచ్చాను.

మిగిలిన చేపలను కడవలోకి తీసి తొట్టి ఖాళీ చేశాను. చెరువు మట్టిని మిద్దె మీద ఎండబెట్టి, నలగ్గొట్టి, వేళ్లూ గడ్డిపోచలూ ఏరేశాను. దాన్ని తడిపి అడుగున రెండు వేళ్ల మందాన పరిచాను. దాని మీద బాగా కడిగిన ఇసుక పరిచాను. మొక్కల వేళ్లు మట్టికి అందేటట్టు గుచ్చి ఇసుకతో అదిమాను. ఇసుక మీద టెంకాయ చిప్ప పెట్టి, చెలమ నీళ్లను సన్నగా దాంట్లోకి వదిలాను. చిప్ప నిండి, నీళ్లు దాని అంచుల మీదుగా నిదానంగా జారాయి. బురద లేవలేదు. తూర్పు కిటికీ దగ్గర, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట తొట్టిని పెట్టాను. చేపలను అప్పుడే వదల్లేదు. మొక్క పట్టి లాగితే రాకుండా ఉన్నప్పుడు వదిలాను.

శుక్రవారం అవ్వ చింతపండు ముద్దతో వచ్చింది. వంగి చూసింది. వాసన చూసింది. ఇసుకలోంచి ఒక బుడగ పైకి వచ్చి పగిలింది.

"నీళ్లు మార్చినావా?"

"ఇసుక పరిచినంక మార్చల్యా అవ్వా."

"ఇదేందే, చెలమ తెచ్చి ఇంట్లో పెట్టినావు!" అని నడుం ఎత్తి, "సరేలే, చెలమను యాడన్నా తోముతారా," అంటూ బిందెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత దానికి పెద్దగా పని లేకపోయింది. గాజుకు పట్టిన పచ్చటి పాచిని, నాచుతోపాటు వచ్చిన నత్తలు తినేవి. గడ్డి మరీ పెరిగితే తుంచేదాన్ని. నాలుగు మెతుకుల కంటే ఎక్కువ వేసేదాన్ని కాదు. నాయన ఇంట్లో ఉన్న రోజు, "ఏమ్మా, ఊరికే చూస్తా కూచుంటావే గాని దానికేమీ చెయ్యవే?" అన్నాడు. "చేస్తేనే చెడిపోతాది నాయనా," అన్నాను. ఆయన నవ్వాడు.

తర్వాతి ఎండాకాలం నీళ్లకు కటకట వచ్చింది. ఉప్పు బావి కూడా అడుగంటింది. బుక్కరాయసముద్రం చెరువు నెర్రెలు విచ్చింది. వంకలో చెలమ మనిషి లోతుకు పోయింది. అవ్వ పొద్దున్నే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క చెంబు తాగే నీళ్లు కొలిచి పెట్టేది. ఆ రోజుకు అంతే.

"మనుషులకే ల్యాకుండా ఉండాయి," అంది నాతో. "ఇంటి నీళ్లలోంచి దానికి చుక్క పోసినావంటే ఆ పొద్దే తొట్టి బయటికి పోతాది. చెప్తాండా."

ఆమె అన్నది న్యాయమే. కానీ చేపలను తీసుకుపోయి వదలడానికి చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు లేవు. ఎండకు తొట్టిలో నీళ్లు రోజూ కొంత దిగిపోతున్నాయి. నీటిగడ్డి చివర్లు పైకి తేలి ఎండుతున్నాయి. నా చెంబు మాత్రం ఇంటి నీళ్లు కాదు, నావి అనుకున్నాను. సాయంత్రం అవ్వ వీధి అరుగు మీదికి వెళ్లగానే, అందులోంచి ఒక గ్లాసు తొట్టిలో వంచేదాన్ని. నోరు ఎండితే చింతగింజ బుగ్గన పెట్టుకునేదాన్ని.

"పెదాలు అట్ల పగిలినాయేమే?" అని అమ్మ అడిగింది.

"ఎండకమ్మా."

అవ్వ పక్కనే కూర్చుని రాగులు చెరుగుతోంది. చేట ఆపి నా పెదాల వైపు ఒకసారి చూసి, మళ్లీ చెరిగింది.

వానలు రాకముందే నాకు సీటు వచ్చింది. ట్రైనింగు కర్నూల్లో, ఉండడం హాస్టల్లో. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను గానీ నాలుగు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. నేను వెళ్లాక తొట్టిలో నీళ్లు ఎవరు పోస్తారు? పోయమని అడగాలంటే ఇన్నాళ్లూ నేను పోస్తున్నానని చెప్పాలి. చెబితే అవ్వ తొట్టిని బయట పెట్టిస్తుంది. అడగకుండానే ప్రయాణం రోజు వచ్చేసింది.

నాయన ట్రంకుపెట్టెను సైకిల్ వెనక కట్టుకుంటున్నాడు. నేను తొట్టి ముందు నిలబడి, చివరిసారి అనుకుంటూ చేపలను చూస్తున్నాను. వెనక అవ్వ వచ్చి నిలబడింది. చేతిలో నా చెంబు ఉంది.

సెలవులకు నేను తిరిగి వచ్చేసరికి అవ్వ లేదు. జ్వరంతో పోయిందని నాయన హాస్టలుకు వచ్చి చెప్పేటప్పటికే అన్నీ అయిపోయాయి. కిటికీ దగ్గర తొట్టిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. గడ్డి మధ్య పరిగెలు తిరుగుతున్నాయి.

నేను బయలుదేరిన ఆ పొద్దు, చెంబు పట్టుకుని నిలబడి, ఆమె నాతో చివరిగా అన్న మాటలు ఇవి:

"నీ వంతు చెంబు తీసెయ్యనులే పాపా, నువ్వు పోసినట్లే నేనూ దీనికి పోస్తా. నువ్వు ఆడికి పోయినంకన్నా కడుపు నిండా నీళ్లు తాగు."