గోడవైపు జడ

అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వంకలు తిప్పి రాయడం నాకు రాదు. ఇందులో తప్పు నాది. అది ముందే చెప్పి మొదలుపెడతాను.

మాది ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కే ఇల్లు. మగవాళ్లు ఉలితో చెక్కుతారు. తర్వాత నీళ్లు పోస్తూ సానరాయితో నునుపుగా రుద్దే పని ఆడవాళ్లది. ఇప్పుడు మిషన్లు వచ్చినా మూలల్లోకి చెయ్యే పోవాలి. మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. విగ్రహం ముఖం, ముందు భాగం పెద్దకోడలు రుద్దాలి. వీపు చిన్నకోడలికి. వీపు ఎలాగూ గర్భగుడిలో గోడవైపు పోతుంది.

పెద్దకోడలిని నేను. ముప్పై ఏళ్లు దేవుళ్ల ముఖాలే రుద్దాను గానీ, నా ముఖంలో నవ్వన్నది లేదు. చేతులు పగిలేవి, నడుం పట్టేసేది, అందరి మీదా కసిరేదాన్ని. పని అంటే ఇంతే అనుకున్నాను.

నా తోడికోడలిది గోస్పాడు దగ్గర పల్లె. పెండ్లయి వచ్చేదాకా రాయి పని ఎరగదు. వీపు రుద్దుతూ రాయితో మాట్లాడేది. "ఇంగ రొంత ఓర్చుకో తల్లీ, అయిపోతాంది."

"ఏం మే, గోడకు కనపడేదానికి ఇంత సోకు చేస్తాండావ్? గోడేమన్నా పెండ్లిచూపులకొస్తాదా?" అనేదాన్ని.

"గోడ రాకుంటే మాన్లే అక్కా, నేనొచ్చినా కదా" అని నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది.

నాలుగేళ్ల కిందట నంద్యాలలో కొత్తగా కడుతున్న గుడికి అమ్మవారి విగ్రహం ఒప్పుకున్నాం. మూడు నెలలు పట్టింది. రేపు లారీ వస్తుందనగా, పొద్దున్నే తోడికోడలు తడిచేతులతో నా ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, వీపు మింద తడంతా ఆరిపోయింది. ఒక్క గీత మాత్రం ఆరల్యా. మూడుసార్లు కడిగి చూసినా."

ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. రాయిలో బీట ఉంటే నీళ్లు లోపలికి దిగుతాయి. చుట్టూ ఆరినా అక్కడ నల్లగా గీత నిలిచిపోతుంది. బీట ఉన్న విగ్రహాన్ని గుడిలో నిలపరాదు. తెలిసీ పంపితే మా ఆయన చేతిని ఇక ఎవరూ నమ్మరు.

"నీళ్ల మరక అది. నోరు మూసుకోని రుద్దుపో" అన్నాను. లేచి చూడలేదు. అమ్మవారి ముక్కుపుడకకు మెరుగు పెడుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం సద్ది విప్పితే ఆమె ముద్ద ముట్టలేదు.

"తినవేందీ?"

"బావకు నువ్వే చెప్పక్కా. నేను చెప్తే నీ మాట దాటినట్లయితాది. చెప్పకుంటే ఆయమ్మకు ద్రోహం చేసినట్లయితాది. నన్నీ రెండిట్ల మధ్య పెట్టాకు."

నేనూ ముద్ద పక్కన పెట్టి లేచాను. ఆయనతో చెప్పే ముందు ఒకసారి చూద్దామని విగ్రహం వెనక్కి నడిచాను. ముప్పై ఏళ్లలో ఏ బొమ్మ వెనక్కీ నేను నడిచింది లేదు.

అక్కడ జడ ఉంది.

మెడ కింది నుంచి నడుం దాకా మూడు పాయల జడ. పాయ పాయకూ వెంట్రుకలు దేనికది విడివిడిగా ఉన్నాయి. పొడుగునా మల్లెమొగ్గలు. చివర కుచ్చులు. మెడ దగ్గర అల్లికకు అందని నాలుగు పొట్టి వెంట్రుకలు, ఇప్పుడే స్నానం చేసి వచ్చిన పిల్లకు ఉన్నట్టు. అదంతా రాయి. మొగ్గ మొగ్గ సందులోకి నా తోడికోడలి వేలు పోయి వచ్చింది, జడంతా నీళ్లలా మెరుస్తోంది. ఆ జడ మధ్యలో, సన్నగా, ఆరని గీత.

ఆయన్ను పిలిచాను. వచ్చి చిన్న సుత్తితో తట్టాడు. మంచి రాయి గంటలా మోగుతుంది. ఇది పగిలిన కుండలా పలికింది. అక్కడే కూలబడ్డాడు.

"ఎవరు చూసినారు?"

"నీ మరదలు. పొద్దున్నే చెప్పింది. నేను మరక అన్నా. చూడకుండానే అన్నా."

తిడతాడనుకున్నాను. నా వైపు చూడనైనా లేదు. ఆమెతో "నా మానం నిలిపినావు తల్లీ" అన్నాడు. నంద్యాలకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పి గడువు అడిగాడు. అవతల చాలాసేపు అరిచారు. చివరికి సరేనన్నారు.

అప్పుడు అడిగాను. "గోడవైపు పోయే జడ ఎవరు చూస్తారని చెక్కినావయ్యా?"

"జడ లేని ఆడమనిషి యాడుంటాదే?"

"అన్ని అమ్మవార్లకూ చెక్కినావా?"

"మొదటిదాన్నుంచీ. నువ్వీపక్కకొస్తే కదా."

తోడికోడలు నవ్వింది. అదే నవ్వు. ఈసారి ఒళ్లు మండలేదు. ఒకే షెడ్డు, ఒకే రాయి, అవే నీళ్లు. అవతలి పక్క ఈ మనిషి ఇన్నేళ్లూ ఏం చూస్తూ బతికిందో నాకు తెలియలేదు. నా మొగుడి చేతిలో ఏముందో కూడా తెలియలేదు.

అదే గుడికి మళ్లీ చెక్కిన రెండో విగ్రహానికి వీపు నేను అడిగి తీసుకున్నాను. ముఖం ఆమెకిచ్చాను. చేతులు అప్పుడూ పగిలాయి, నడుం అప్పుడూ పట్టింది. కానీ ఆమె "అక్కా, ఇంటికి రావా?" అని పిలిచేదాకా పొద్దు గుంకింది తెలియలేదు. మొగ్గలతో నేనేదో మాట్లాడుతున్నానని షెడ్డులో అందరూ నవ్వుకున్నారట. నవ్వుకోనీ.

మొన్న నంద్యాల వెళ్లి ఇద్దరం ఆ గుడి వరుసలో నిలబడ్డాం. అందరూ అమ్మవారి ముఖం చూసి దండం పెడుతున్నారు. నా తోడికోడలు నా చెవి దగ్గరికి వంగి, తనకు చేతనైనంత మెల్లగా, అంటే వరుసంతా వినేటట్టు, "జడ ఎంత బాగుందో కదక్కా!" అంది.

మా ముందున్న పెద్దామె మురిసిపోయి తన జడ తడుముకుంది.