పసుపు కింద చిలక

మా పాప పోయింది. డెంగీ జ్వరం వచ్చి ఆరో దినం ఆసుపత్రిలో పోయింది. దానికి ముప్పై ఒకటో ఏడు నడుస్తా ఉండె. పోయిన నెల మన సంఘం పత్రికలో నల్ల గీతల మధ్య ఫోటో వేసి కింద రెండు మాటలు రాసినారు, మీరు చూసే ఉంటారు. ఆ ఫోటోలో ముఖం మా పాపదే. చేతులు మా పాపవి కావు. అది చెప్పేదానికే ఇది రాస్తా ఉండాను. నేను ఐదో తరగతి దాకా కన్నడ బళ్ళో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు మా నాయన అంగట్లో పాత పేపర్ల మీద దిద్దించినాడు. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదవండి.

బళేపేటలో మాది గాజుల అంగడి, వెనకే ఇల్లు. ముప్పై ఐదేండ్లుగా ఆడోళ్ళ చేతులు పట్టుకొని గాజులు తొడిగేదే నా పని. చేయి చూస్తే చాలు, గాజు కొలత రెండూ నాలుగా రెండూ ఆరా చెప్పేస్తాను. ముఖాలు మరిచిపోతానేమో గానీ చేతులు మరవను. అట్లాంటిదాని కడుపున పుట్టి మా పాప ఒక్క గాజు వేసుకునేది కాదు. కుడి ముంజేతి మీద చిలక, దాని పైన మోచేయి దాకా తీగలు, ఎడమ మణికట్టు మీద అయిదు చుక్కలు. అన్నీ టాటూలే. వేసుకునేదే కాదు, వేసేది కూడా. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక టాటూ అంగట్లో కూర్చొని కంపెనీ పిల్లలకు సూదితో బొమ్మలు పొడిచేది. ఊళ్ళోవాళ్ళ తోలు, ఊళ్ళోవాళ్ళ రక్తం. ఇంటికొస్తే ముందు చేతులు కడుక్కో పో అనేదాన్ని. వారంలో సగం దినాలు అది, మిగతా సగం ఫోటోలు తీసేది.

మొదటి టాటూ నాకు తెలీకుండా నాలుగు నెలలు నిండు చేతుల చొక్కా కింద దాచింది. మా అక్క కూతురి పెండ్లికి అందరికీ గాజులు తొడుగుతా దాని చేయి కూడా లాగి చొక్కా పైకి తోస్తే చిలక కనిపించింది. అబద్ధం చెప్పను, పురుగును చూసినట్ల అయింది. నీళ్ళింట్లోకి లాక్కుపోయి సీకాయపొడి వేసి కొబ్బరిపీచుతో తోమినాను. అది నవ్వుతా నిలబడింది.

"అమ్మా, తోలు పోతాది గానీ చిలక పోదు. అది నీకంటే మొండిది."

"ఎవడు చేసుకుంటాడే ఈ చేతుల్ని చూసి?"

"చేతుల్ని చూసి పారిపోయేవాడు ముందే పోతాడు కదా. మనకు పెండ్లి ఖర్చు మిగుల్తాది."

"ఛీ, రోత."

"అవ్వ చేతికుంటే పచ్చబొట్టు, నా చేతికుంటే రోతా?"

అవ్వంటే మా అమ్మ. ఆమె మణికట్టు మీద అయిదు చుక్కలుండె. నగలన్నీ కడాన ఇంట్లోవాళ్ళు ఒలుచుకుంటారు, పచ్చబొట్టు ఒకటే మనతో వస్తాది అనేది. ఆమె పోయిన ఏడాదికి పాప ఆ చుక్కలే పొడిపించుకొని వచ్చి నా ముందర చేయి పెట్టింది. నేను చూడలేదు. గాజుల డబ్బాలు సర్దుకుంటా ఉండిపోయినాను.

దాని ఫోటోల పని ఎట్ల మొదలైందో చెప్పల్ల. టాటూ అంగడికి ఏడ్చుకుంటా వచ్చేవాళ్ళు కొందరుండేవాళ్ళు. తమ్ముడో, స్నేహితురాలో తనంతట తానే ప్రాణం తీసుకొని ఉంటాది. ఆ పేరు చేతి మీద పొడవమని వీళ్ళు వస్తారు. పాప పొడిచేది కాదు. ఏడ్చే దినం సూది పెట్టను, నెలకు రండి అని చీటీ మీద తారీకు రాసిచ్చేది. ఈలోగా ఒకసారి మా ఇంటికి రండి, మీ ఫోటో తీస్తాను, ఆ మనిషి గురించి చెప్పండి అనేది. అంగడిదాకా వచ్చిన గిరాకీని తిప్పి పంపేదేమే అని నేను అడిగినాను.

"నెలకు రావల్లంటే అంతవరకూ ఉండల్ల కదమ్మా" అనింది.

నాకు అప్పుడు తలకెక్కలేదు. వాళ్ళల్లో ఎవరి మాటైనా తేడాగా ఉంటే తానే స్కూటర్ మీద ఎక్కించుకొని డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. ఫోటో నా పని, మందు డాక్టరు పని, రెండు చోట్లకీ పోవల్ల అనేది.

ఆ ఫోటోలు మా అంగడి పైన గోదాములో తీసేది. గాజుల పెట్టెల నడుమ, కిటికీ పక్కన, ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టేది. లైట్లు లేవు, పరదాలు లేవు. ఎట్ల పోయినారని ఎవర్నీ అడిగేది కాదు. అది అడిగేదానికి ఊరంతా ఉండాది, ఎట్ల ఉండిరో అడిగేవాళ్ళే లేరు అనేది. అన్నంలోకి ఏమి కావల్ల వాళ్ళకి, దేనికి నవ్వేవాళ్ళు, అట్లాంటివి అడిగేది. తీసినాక ఫోటోలో ఒక్క గీత కూడా దిద్దేది కాదు. ఒకాయమ్మ చెంప మీది మచ్చ తీసేయమని అడిగితే, "ఆ మచ్చ మీదే కదత్తా, తీసి ఎవరికిచ్చేది?" అనింది. ఏడ్చుకుంటా వచ్చిన ఆయమ్మ నవ్వింది.

నాకు మాత్రం రోతగానే ఉండె. సౌభాగ్యం అమ్మే అంగడి మాది. పెండ్లికూతుళ్ళు ఎక్కే మెట్ల మీద ఇట్లాంటి చావు చూసినోళ్ళు ఎక్కి దిగుతా ఉంటే ఎట్ల? ఒక్కొక్కరు పోతానే నేను చెంబులో పసుపు నీళ్ళు కలిపి మెట్ల మీద చల్లేదాన్ని. దొడ్డబళ్ళాపురం నుంచి ఒక నేతామె వచ్చింది, కూతుర్ని పోగొట్టుకొని. ఫోటో అయ్యేదాకా ఆమెకు నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆమె కింది మెట్టు దిగీ దిగకముందే నీళ్ళు చల్లినాను. నాలుగు చుక్కలు ఆమె మడమ మీద పడినాయి. ఆమె తిరిగి చూసింది. ఆ రాత్రి పాప నాతో అన్నం తినలేదు.

పాప పోయిన దినం దాన్ని ఇంటికి తెచ్చి స్నానం చేయించినాము. ముక్కుపుడక, కమ్మలు మా పెద్దాడబిడ్డ తీసింది. మా ఆయనకు అక్క, ఇంట్లో ఆమె మాటే మాట. చేతులు చూసి ఆమె అనింది:

"ఇంతమంది జనం వస్తారు మే. ఈ గీతలు చూస్తే ఏమనుకుంటారు? పసుపు దట్టంగా పూయండి."

నేను వద్దనలేదు. గిన్నె పట్టుకునింది నేనే. భుజం నుంచి వేళ్ళ దాకా గోడకు పూసినట్ల పూసినాము. బయట ఎండకు ఆ పసుపు ఎండి చీలింది. ఎత్తే ముందు చూస్తే చిలక తోక ఒకటే బయటికి కనిపిస్తా ఉండె. మా ఆడబిడ్డ వేలు తడి చేసుకొని దాన్ని కూడా మూసేసింది. అప్పటినుంచి నాకు పసుపు వాసన పడదు. కూరలో కూడా వేసేది లేదు.

గోడకు ఫోటో కావల్ల. లోకానికంతా ఫోటోలు తీసిన బిడ్డకు తనవి నాలుగు లేవు. ఒక పెండ్లిలో ఎవరో తీసింది దొరికితే మా ఆడబిడ్డ సందు చివర స్టూడియోలో ఇచ్చి 'క్లీన్' చేయించుకొచ్చింది. చిలక లేదు, తీగలు లేవు, చుక్కలు లేవు. మేము అంగట్లో గాజులు తొడిగి పెట్టే కొయ్య చేయి ఉంటాది చూడండి, అట్లాంటివి రెండు అతికించినట్ల ఉండాది. దానికి కంప్యూటర్లో గాజులు కూడా వేయించింది. పాప చేయి రెండూ నాలుగు. ఆ గాజులు రెండూ ఎనిమిది ఉంటాయి. దానికి పూలమాల వేసి, ఎంత లక్షణంగా ఉండాదో చూడప్పా అని వచ్చినోళ్ళకంతా చూపించింది. పత్రికకు కూడా అదే పంపించింది.

వచ్చినోళ్ళ సంగతి చెప్పల్లంటే నోరు చేదవుతాది. కాఫీ తాగుతారు, లోటా కింద పెడతారు, గొంతు తగ్గిస్తారు. "నిజంగా డెంగీయేనా? ఎప్పుడూ అట్లాంటోళ్ళతోనే తిరుగుతా ఉండె కదా. అదేమన్నా అంటుకునిందేమో." వడ తింటా, నూనె వేళ్ళు చాపకు తుడుచుకుంటా అడిగినారు. నేను ఆసుపత్రి కాగితం నడుముకు దోపుకొని తిరిగినాను. అడిగినోళ్ళకంతా తీసి చూపించేది. ఒకాయమ్మకు చదువు రాదు, అయినా కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, సరే పాపం అని తిరిగి ఇచ్చింది. పరీక్షలో పాస్ చేసినట్ల.

అప్పుడు నా మీద నాకే రోత పుట్టింది. దేనికి చూపిస్తా ఉండాను ఇది? డెంగీతో పోతే నా బిడ్డ, ఇంకో రకంగా పోయింటే కాదా? మెట్ల మీద నేను చల్లిన పసుపు నీళ్ళు ఎట్లాంటివో, ఈ కాగితం కూడా అట్లాంటిదే. దాన్ని బీరువాలో పెట్టేసినాను. మళ్ళీ తీయలేదు.

పదకొండో దినం ఆ దొడ్డబళ్ళాపురం ఆమె వచ్చింది. వచ్చి కింది మెట్టు మీదే కూర్చునింది. నేను పోయి చేయి పట్టుకొని లోపలికి తెచ్చినాను. ఆమె చేయి మగ్గం మీద గట్టిపడిన చేయి, వేళ్ళ కొసల్లో కాయలు కాసి ఉండాయి. నా చేత్తో కాఫీ ఇచ్చినాను. ఎట్ల పోయిందని ఆమె అడగలేదు.

"అమ్మణ్ణికి తినేదానికి ఏమిష్టం అక్కా?" అనింది.

"పితికిపప్పు చారు" అన్నాను. "అనపకాయలు పితికేదానికి మాత్రం కూర్చోదు. పప్పు తీస్తా ఉంటే పచ్చివే తినేసేది." పదకొండు దినాల్లో నేను నవ్వింది అప్పుడే.

తర్వాత ఆమె గోడ మీది ఫోటో చూసింది. చానాసేపు చూసింది.

"ఈ చేతులు ఎవరివక్కా?"

పాపవి కావని చెప్పినాను.

"ఫోటో తీసిన పొద్దు అమ్మణ్ణి నా గడ్డం పట్టుకొని ముఖం కిటికీ తట్టుకు తిప్పింది. చిలక సరిగ్గా నా కండ్ల ముందరుండె. దాన్నే చూస్తా కూర్చుంటి. లేకుంటే ఆడనే కూలబడి ఏడిచేదాన్ని." ఆమె సంచిలోంచి పట్టుగుడ్డ ముక్కలో చుట్టిన ఫోటో ఒకటి తీసింది. "అందరికీ నువ్వు తీస్తావే, నిన్నెవరు తీస్తారమ్మణ్ణీ అంటే, కెమెరా నా చేతిలో పెట్టింది. నాకు రాదంటే నేర్పించింది. తలకాయ సగం కోసేసినాలే. అట్లనే బాగుందని ఒకటి నాకూ ఇచ్చింది."

ఫోటోలో పాప ముందుకు వంగి ఉండాది. ఇట్ల పట్టుకో, ఇది నొక్కు అని రెండు చేతులూ చాపి చూపిస్తా ఉండాది. ఎడమ చేయి పైన, కుడి చేయి కింద. కండ్ల పైన ఫోటో అయిపోయింది, నుదురు లేదు. ముఖం కొంచెం మసక. చేతులు మాత్రం వెంట్రుకతో సహా తేటగా కనిపిస్తాయి.

"అది గోడకు పెడతావా? తల సగం లేని బొమ్మ ఎవరైనా పెడతారా?" అనింది మా ఆడబిడ్డ. "జనం నవ్వుతారు మే."

"నవ్వనీ వదినె" అన్నాను. ఆమెకు నేను ఎదురు చెప్పింది అదే మొదలు.

మా ఆయన ఆ పదకొండు దినాలూ ఎవరితోనూ మాట్లాడలేదు. లేచి స్టూలు వేసుకొని గోడ మీది ఫోటో దించి, ఒళ్ళో బోర్లా పెట్టుకొని, పట్టకారుతో పటం వెనక ఒక్కొక్క మేకే తీసినాడు. "అక్కా, కొంచెం జరుగు. మేకులు కాళ్ళ కింద పడతాయి" అన్నాడు.

పోయిన వారం చీటీ పట్టుకొని ఒకాయన అంగడికి వచ్చినాడు. పాప రాసిన తారీకు అది. పెళ్ళాం పోయిందంట ఆయనకు. పాప లేదని చెప్పి ఊరికే పంపలేదు నేను. కూర్చోబెట్టి, ఆయమ్మ దేనికి నవ్వేదని అడిగినాను. పోయేటప్పుడు, నాకు గాజులు తప్ప ఏమీ రాదు గానీ నెలకు ఒకసారి వచ్చి పోప్పా అన్నాను. ఆయన పోయినాక మెట్ల మీద నీళ్ళు చల్లలేదు.

పత్రికవాళ్ళు ఇది వేసేటట్లయితే ఈ ఫోటోనే వేయండి. నుదురు లేదని పక్కన పెట్టొద్దు. ఇది గోడకెక్కిన మొదటి దినం అద్దం తుడిచి, కుంకుమ వేలికి అద్దుకొని, ఎక్కడ పెట్టల్లో తెలీక నేనూ నిలబడిపోయినాను. తర్వాత మణికట్టు మీద, అయిదు చుక్కల నడుమ పెట్టినాను. ఇప్పుడు పొద్దున్నే అక్కడే పెడతా ఉండాను. సాయంకాలానికి అది ఎండి కొంచెం రాలతాది. అద్దం మీద జారి వచ్చి చిలక ముక్కు దగ్గర ఎర్రగా నిలుస్తాది. దాన్ని నేను తుడవను.