గోడకేసి తిరిగే తీగలాయన

ఆయన పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. తీగలాయన అంటే మాత్రం నాలుగు వీధులవాళ్లూ తలూపుతారు. ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగి, మినుకుమినుకుమనే చిన్న పెట్టె బిగించడం ఆయన ఉద్యోగం. ఇంటివాళ్లు పాస్‌వర్డ్ కొట్టుకునేటప్పుడు ఠక్కున గోడకేసి తిరిగిపోతాడు. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. అలా ఎన్ని గోడలు చూశాడో. పెచ్చులూడినవి, పిల్లల ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గీతలు గీసినవి, మధ్యాహ్నపు నీడలు మెల్లగా పాకేవి. కళ్లు మూస్తే చాలు, అవన్నీ కలలోకి వచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. ఆయనకదో హాయి.

అంత మర్యాదస్తుడూ ఒక్క పని మాత్రం ఆలోచించకుండా చేసేవాడు. దరఖాస్తు చివరి పేజీలో, ‘నేను చూసేవాటిని బట్టి ప్రకటనలు పంపండి’ అని ఒక గడి ఉండేది. "ఇదంతా ఎవరు చదువుతారండీ" అంటూ తనే టిక్కు పెట్టేసేవాడు. సొంత అక్క ఇంట్లోనూ అలాగే పెట్టాడు. ఏం చెప్పమంటారు, చూడకూడదని తిరిగిపోయే మనిషే కంపెనీకి కిటికీ తెరిచిపెట్టాడు.

అక్క దర్జీ. ముందుగదిలో మిషను, ఎదురుగా టీవీ. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు అది చూస్తూ కూర్చుంటారు. ఒకరోజు టీవీ సరిగా రావట్లేదంటే తీగలాయన వెళ్లి బాగుచేశాడు. బొమ్మ రాగానే ప్రకటనలు వరుసకట్టాయి. టైము పలికి చెప్పే గడియారం. మడిచిపెట్టుకునే తెల్ల చేతికర్ర. చూపు తగ్గినవాళ్లకు శిక్షణ.

"ఏంటక్కా, మీ ఇంట్లో ఇవెవరికి?" అని నవ్వాడు.

మిషను ఆగిపోయింది.

"నీకెవరు చెప్పార్రా?" అంది అక్క. "తలుపేసుకుని ఫోన్‌ని గుసగుసగా అడిగాను. డాక్టరుకి తప్ప ఇంకెవరికీ తెలీదు. చేతి అలవాటుతో ఇంకొన్నాళ్లు కుట్టగలను. తర్వాత నా నోటితో నేనే చెబుదామనుకున్నా. ముందే తెలిస్తే నాకెవరిస్తారు బట్ట?"

తీగలాయనకు అప్పుడర్థమైంది. అక్క చూపు పోతోందన్న దిగులొకవైపు, ఆ గుట్టు బయటపెట్టింది తన టిక్కేనన్న సిగ్గొకవైపు.

"నేనేనక్కా. ఫోన్‌లో నువ్వు వెతికింది కంపెనీ చూసి ఇక్కడ వేస్తోంది. నువ్వు ఒప్పుకున్నట్టు గడి నింపింది నేనే."

"నన్నొక్క మాట అడగాల్సిందిరా."

"అడగాల్సింది."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కొలతలకి ఎవరో వస్తున్నారు. ఆ టిక్కు ఫోన్‌లోంచే తీసేయొచ్చు, కానీ అక్క పాస్‌వర్డ్ కావాలి. ఫోన్ ఆమె చేతిలో పెట్టి, అలవాటుగా గోడకేసి తిరిగాడు. గోడ మీద మిషను చక్రం నీడ కదలకుండా ఉంది. మీటల చప్పుడు ఎంతకీ వినిపించలేదు.

"ఇటు తిరుగు," అంది అక్క. "అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నేను చెబుతా, నువ్వు కొట్టు."

చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆయన ఒక్కో అక్షరమే కొట్టి, టిక్కు తీసేశాడు. వచ్చినావిడ లోపలికి అడుగుపెట్టేసరికి టీవీలో ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. అక్క టేపు మెడలో వేసుకుని లేచింది.

మర్నాటి నుంచి తీగలాయన ప్రతి ఇంట్లోనూ చివరి పేజీ పైకి చదివి వినిపిస్తున్నాడు. గోడకేసి తిరగడం మాత్రం మానలేదు. ఇరవై ఏళ్లలో ఆయనకు తెలిసిన పాస్‌వర్డ్ అదొక్కటే. అదేమిటో ఎవరికీ చెప్పలేదు. మనమూ అడగొద్దు.